కొత్త ఓఎల్‌ఈడీ టీవీ: గోడ నుంచి మొదటి వంద గంటల దాకా

షోరూములో టీవీకి ఉన్న పని ఒక్కటే. ట్యూబులైట్ల వెలుతురులో, పక్కనున్న పది టీవీల మధ్య మన చూపు తనమీదే పడేలా చేసుకోవడం. అందుకే అక్కడ బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచి, తెలుపును నీలం వైపు లాగి, రంగులు ముదరబెట్టి ఉంచుతారు. చాలా ఇళ్లలో అదే బొమ్మ ఏళ్ల తరబడి నడుస్తుంటుంది. రెండు లక్షలు పోసి కొన్న టీవీలో ఉన్న పనితనం సగం బయటికే రాదు. ఇది కొనేటప్పుడు పనికొచ్చే పోస్టు కాదు, కొన్నాక వచ్చే మొదటి కొన్ని వారాల కోసం. ఉదాహరణకు 65 అంగుళాల ఓఎల్‌ఈడీ (వెనక లైటు లేకుండా ప్రతి పిక్సెల్ చుక్కా తనంతట తానే వెలిగే తెర) తీసుకుంటున్నాను: ఎల్‌జీ సీ సిరీస్, సోనీ బ్రావియా, శాంసంగ్ ఎస్90 తరహావి. రాత్రి ఓటీటీ సినిమాలు, పగలు డీటీహెచ్, ఎప్పుడైనా ప్లేస్టేషన్ నడిచే అపార్ట్‌మెంట్ హాలు అనుకోండి.

ఇంకా ఆర్డర్ పెట్టనివాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లో తెలుగు న్యూస్ ఛానల్ పొద్దున పెడితే రాత్రిదాకా మోగుతూనే ఉంటుందా? అయితే ఓఎల్‌ఈడీ వద్దు. కింద రెండు మూడు స్క్రోలింగులు, మూలన లోగో, ఎర్రటి బ్రేకింగ్ పట్టీ కదలకుండా రోజుకు ఏడెనిమిది గంటలు వెలిగితే, అక్కడి పిక్సెళ్లు మిగతావాటికంటే ముందే అరుగుతాయి. ఆ మచ్చ మళ్లీ పోదు. అలాంటి ఇంటికి మంచి మినీ ఎల్‌ఈడీ, అంటే వెనక చిన్న చిన్న ఎల్‌ఈడీ లైట్లతో వెలిగే ఎల్‌సీడీ తెర, సరైనది. నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిళ్ల చుట్టూ కాస్త పొగలాంటి వెలుగు కనిపిస్తుంది, పక్క నుంచి చూస్తే రంగు కొంచెం వెలుస్తుంది. అయినా నిశ్చింతగా ఉండొచ్చు. పగలంతా ఎండ పడే హాలుకీ అదే మాట. ఓఎల్‌ఈడీ చిన్న వెలుగు చుక్కను చాలా కాంతివంతంగా చూపిస్తుంది గానీ, తెరంతా తెల్లగా ఉన్నప్పుడు కరెంటు అదుపు కోసం వెలుతురు బాగా తగ్గించేస్తుంది.

సైజు, ఎత్తు, గోడ

65 అంగుళాల తెర దాదాపు 144 సెం.మీ. వెడల్పు, 81 సెం.మీ. ఎత్తు. సోఫాకూ తెరకూ మధ్య దూరాన్ని 1.6తో భాగించండి. వచ్చినది తెర మూల నుంచి మూలకు ఉండాల్సిన కొలత. 2.7 మీటర్లయితే 65 అంగుళాలు సరిపోతుంది, 3.2 మీటర్లు దాటితే 77 కావాలి. సినిమా హాలు అనుభూతి గట్టిగా కావాలనుకునేవాళ్లు 1.2తో భాగించుకుంటారు, అంటే 65కి రెండు మీటర్లే. పైగా మన సినిమాల్లో ఎక్కువ భాగం స్కోప్‌లో, అంటే టీవీ తెరకంటే బాగా వెడల్పు బొమ్మగా తీసినవి. పైనా కిందా నల్ల పట్టీలు పోగా 65 అంగుళాల తెర మీద బొమ్మ ఎత్తు మిగిలేది 60 సెం.మీ. మాత్రమే. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ మిగులును పై సైజు మీద పెట్టకపోయినా, కింద చెప్పబోయే కేబుళ్లూ కరెంటు రక్షణా అందులోనే వచ్చేస్తాయి.

ఇంటీరియర్ వాళ్లు టీవీ పాయింటు అయిదడుగుల ఎత్తున ఇచ్చేస్తారు. సోఫాలో కూర్చున్నప్పుడు కన్ను నేల నుంచి 100, 105 సెం.మీ. దగ్గర ఉంటుంది. కింద చాప మీద కూర్చుంటే ఇంకా తక్కువ. తెర మధ్యభాగం కంటి ఎత్తుకు రావాలంటే 65 అంగుళాల టీవీ కింది అంచు నేలకు 65 సెం.మీ. దగ్గర ఉండాలి. ఇంకో పది, పదిహేను సెం.మీ. పైకి పోయినా ఫరవాలేదు. అంతకు మించితే రెండున్నర గంటల సినిమాకు మెడ ఊరుకోదు. పాయింటు ఇప్పటికే పైన ఉంటే టీవీని పాయింటు కోసం పైకి ఎక్కించకండి, వైరును కిందికి దింపించండి.

గోడ దేనితో కట్టిందో తెలియకుండా డ్రిల్ ఎత్తనివ్వకూడదు. మూలన చిన్న రంధ్రం వేసి పొడి చూడండి. ఎర్రగా రాలితే ఇటుక. తెల్లటి మెత్తటి పొడి రాలుతూ, బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోతే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు ఇటుక. బూడిదరంగు పొడితో, హ్యామర్ మోడ్‌లో కూడా నెమ్మదిగా దిగితే కాంక్రీటు. కొత్త టవర్లలో అల్యూమినియం అచ్చుల్లో పోసే మివాన్ గోడలన్నీ ఇవే. ఇటుకకు 10 మి.మీ. నైలాన్ ప్లగ్గు చాలు, అయితే పైనున్న ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగేంత పొడవుండాలి. కాంక్రీటుకు యాంకర్ ఫాస్టెనర్. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఏఏసీ దగ్గరే. బిగిస్తే వ్యాకోచించే ఇనుప ఫాస్టెనర్ ఆ బ్లాకును లోపలే పగలగొడుతుంది. మొదట గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది, నెలల తర్వాత వదులవుతుంది. దానికి ఏఏసీ కోసమే చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులు గానీ, రంధ్రంలో జిగురు నింపి బిగించే కెమికల్ యాంకర్ గానీ వాడాలి. హ్యామర్ ఆపేసి మామూలు డ్రిల్లుతోనే రంధ్రం వేయాలి. టీవీ వెనక చారల ప్యానెల్ వేయిస్తుంటే, బ్రాకెట్ వచ్చే చోట 18 మి.మీ. ప్లైవుడ్‌ను గోడకే బిగించి దానిమీద ప్యానెల్ అతికించమనండి. జిప్సం షీటుకో, ప్లాస్టిక్ చారలకో 20 కిలోల బరువు వేలాడదీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందుకు లాగే బ్రాకెట్ అయితే ఆ లాగుడు బలం ఇంకా ఎక్కువ.

పెట్టె వచ్చాక టేపు కత్తిరించే ముందు నుంచే ఫోన్‌లో వీడియో తీయండి. తెర పగిలితే అది వారంటీలోకి రాదు, రుజువు మీ చేతిలోనే ఉండాలి. పెట్టె మీది సీరియల్ నంబరూ టీవీ వెనకదీ ఒకటేనా చూసుకోండి. ఓఎల్‌ఈడీ ప్యానెల్ పైభాగం కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. దాన్ని పరుపు మీద బోర్లా పడుకోబెట్టే అలవాటు పాత టీవీలకు చెల్లింది, దీనికి చెల్లదు. ఇద్దరు మనుషులు నిలువుగా, కింది లావుపాటి భాగం పట్టుకుని ఎత్తాలి, బొటనవేళ్లు తెర మీద పడకూడదు. బ్రాకెట్ స్క్రూలు మాన్యువల్‌లో రాసిన పొడవువే వాడాలి. టెక్నీషియన్ సంచిలోంచి తీసిన పొడవాటి స్క్రూ లోపల ప్యానెల్‌ను నొక్కుతుంది.

కరెంటు

మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు స్విచ్ బోర్డు దగ్గర టీవీ ఆపేసే అలవాటు ఉంది. ఓఎల్‌ఈడీకి అది మాన్పించాలి. నాలుగు గంటలు నడిచిన తర్వాత రిమోట్‌తో ఆపినప్పుడు, టీవీ స్టాండ్‌బైలో కొన్ని నిమిషాలు తన పిక్సెళ్లను కొలుచుకుని, అరుగుదలలో తేడాను సరిచేసుకుంటుంది. లోపల రిలే చిన్నగా టిక్కుమన్న శబ్దం అదే. వెంటనే గోడ స్విచ్ ఆపితే ఆ పని జరగదు. రోజూ ఇలాగే చేస్తే నీడలూ చారలూ పేరుకుపోతాయి, ఆ తర్వాత తప్పు ప్యానెల్ మీదికి నెడతాం. కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. స్టాండ్‌బైలో అర వాటు ఖర్చయినా ఏడాదికి నాలుగున్నర యూనిట్లు కూడా కాదు. త్వరగా ఆన్ అయ్యే సదుపాయం పెట్టుకుంటే కాస్త ఎక్కువవుతుంది, అది ఆపేసుకోవచ్చు.

ఉరుముల వేళ మాత్రం లెక్క వేరు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబులూ పీకాలి. పిడుగు దెబ్బ చాలాసార్లు కరెంటు వైరులో కాకుండా ఆ కేబుల్లో వచ్చి, బాక్సు గుండా హెచ్‌డీఎంఐ పోర్టును కాల్చేస్తుంది.

సర్జ్ ప్రొటెక్టర్ కొన్నాను కదా అని ఊరుకోకండి. అది అదనపు వోల్టేజీని ఎక్కువగా ఎర్త్‌లోకి పంపి రక్షిస్తుంది, ఎర్తింగే లేకపోతే ఆ రక్షణ చాలావరకు పోతుంది. మల్టీమీటరుతో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 దగ్గర, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉంటే సరే. ఫేజ్ నుంచి ఎర్త్‌కు సగమే చూపిస్తూ అంకె ఊగుతుంటే ఎర్త్ తెగి ఉంది.

స్టెబిలైజర్ అవసరం చాలా ఇళ్లలో లేదు, టీవీ లోపలి పవర్ సప్లై తక్కువ వోల్టేజీని బాగానే తట్టుకుంటుంది. భయపడాల్సింది వీధి స్తంభం దగ్గరో, అపార్ట్‌మెంట్ ప్యానెల్ బోర్డులోనో న్యూట్రల్ తెగినప్పుడు. అప్పుడు ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు, అదీ క్షణం కాదు, నిమిషాల పాటు. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ క్షణకాలపు దెబ్బకే పనికొస్తుంది, దీని ముందు నిలవదు. ఇంటి మెయిన్ బోర్డులో (డీబీ) ఎంసీబీ స్విచ్చుల పక్కన వోల్టేజీ హద్దు దాటగానే లైను కోసేసే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించుకోవడం మేలు. టీవీతో పాటు ఫ్రిజ్‌నీ కాపాడుతుంది.

మొదటి గంట

సెటప్‌లో ఇల్లా, దుకాణమా అని అడిగితే ఇల్లు అని ఎంచుకోండి. ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ముగించండి, అది మెనూలనే మార్చేయొచ్చు. తర్వాత ఎనర్జీ సేవింగ్ వెతికి ఆపండి. కొత్త టీవీ చీకటిగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. పేరులో ఏఐ ఉన్న పిక్చర్, బ్రైట్‌నెస్ సెట్టింగులు ఆపండి. మీరు చూసేది గమనించి ప్రకటనల వాళ్లకు చేరవేసే సదుపాయాన్ని కూడా ఆపండి. ఎల్‌జీలో దాని పేరు లైవ్ ప్లస్.

పిక్చర్ మోడ్ ఫిల్మ్‌మేకర్ పెట్టండి. సోనీలో ప్రొఫెషనల్, కొంచెం పాత మోడళ్లలో అయితే కస్టమ్. శాంసంగ్‌లో ఫిల్మ్‌మేకర్ గానీ మూవీ గానీ. పెట్టగానే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: పసుపు పచ్చగా అయిపోయిందేమిటి? టీవీ పసుపు పచ్చగా అవలేదు. ఇన్నాళ్లూ నీలం కలిపిన తెలుపు చూసి కన్ను దానికి అలవాటు పడింది. సినిమాకు రంగులు దిద్దే గదిలో మానిటర్ తెలుపు 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది. షోరూము మోడ్‌లు అంతకంటే చాలా నీలంగా ఉంటాయి. మూడు నాలుగు రోజులు ముట్టుకోకుండా ఉంచి, తర్వాత వెనక్కి షోరూము మోడ్‌కు వెళ్లి చూడండి. చామనఛాయ మొహాలు బూడిద కొట్టుకుపోయి, పసుపు నిమ్మపండు రంగుకు, కుంకుమ గులాబీకి తిరిగి కనిపిస్తాయి. మళ్లీ మీరే ఫిల్మ్‌మేకర్‌కు వస్తారు.

ఆ మోడ్‌లో కదిలించాల్సినవి చాలా తక్కువ. మామూలు, అంటే హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా బాగా ఎక్కువగా ఉండే బొమ్మ) కాని బొమ్మకు పిక్సెల్ బ్రైట్‌నెస్ రాత్రికి ఎల్‌జీలో సుమారు 30 దగ్గర మొదలుపెట్టి కంటికి హాయిగా ఉండేదాకా కదపండి. చీకటి గదిలో 100 నిట్స్ (వెలుతురు కొలత) ప్రమాణం, కన్ను చికిలించాల్సి వస్తే ఎక్కువైనట్టే. పగటికి అదే మోడ్ పెంచుకోండి, లేదా సినిమా మోడ్‌ను విడిగా పగటి కోసం దిద్ది ఉంచుకోండి. గామా, అంటే నీడల నుంచి వెలుగు దాకా మెట్లు ఎలా పెరగాలో చెప్పే సెట్టింగు, చీకటి గదికి బీటీ 1886, లైట్లున్న గదికి 2.2. షార్ప్‌నెస్ ఎల్‌జీ, శాంసంగ్‌లలో సున్నా. సోనీలో మాత్రం 50 అంటేనే ఏమీ కలపనట్టు, సున్నా పెడితే బొమ్మ మెత్తబడుతుంది. అనుమానముంటే మెనూ అక్షరాలను కాదు, సినిమాలో ఆకాశం ముందున్న కరెంటు తీగను చూడండి. తీగ పక్కనే తెల్లటి గీత వెలిస్తే షార్ప్‌నెస్ ఎక్కువైంది.

తెలుపును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్ 20 పాయింట్ల అంకెలు ఇంటర్నెట్‌లో చాలామంది పెడుతుంటారు. వాటిని మీ టీవీలోకి ఎక్కించకండి. ఒకే మోడల్లో రెండు ప్యానెళ్లు ఒకేలా ఉండవు. ఇంకొకరి ప్యానెల్ లోపాన్ని సరిచేసే అంకెలు మీ ప్యానెల్లో కొత్త లోపం పుట్టిస్తాయి. ఆ పని కొలిచే మీటరు ఉంటేనే చేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి: మామూలు బొమ్మకు, హెచ్‌డీఆర్‌లోనే రకాలైన హెచ్‌డీఆర్10కు, డాల్బీ విజన్‌కు సెట్టింగులు వేర్వేరుగా దాచుకుంటుంది టీవీ. కొన్నిట్లో హెచ్‌డీఎంఐ పోర్టుకొకటి. న్యూస్ చూస్తూ దిద్దినది సినిమాకు వర్తించదు. హెచ్‌డీఆర్ సినిమా ఒకటి, డాల్బీ విజన్ సినిమా ఒకటి పెట్టి, అవి నడుస్తుండగానే మెనూ తెరిచి మోడ్ మార్చాలి. హెచ్‌డీఆర్‌లో పిక్సెల్ బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ రెండూ టీవీ మొదట పెట్టి ఇచ్చిన చోటే (ఎల్‌జీలో 100) ఉండనివ్వండి. ఎక్కడ ఎన్ని నిట్స్ వెలగాలో ఆ సిగ్నల్లోనే రాసి ఉంటుంది కాబట్టి, టీవీని పెంచి ఎండతో పోటీ పెట్టడం కుదరదు. కర్టెన్ వేయాలి. ఎల్‌జీలో డాల్బీ విజన్ రాత్రికి సినిమా మోడ్, పగటికి సినిమా హోమ్. శాంసంగ్ టీవీ కొన్నవాళ్లు డాల్బీ విజన్ కోసం మెనూలో వెతకక్కర్లేదు. ఆ కంపెనీ హెచ్‌డీఆర్10 ప్లస్‌తోనే నడుస్తోంది.

కదలిక

బొమ్మ కుదుపు గురించి జనం ఎక్కువగా బాధపడతారు, కారణం మాత్రం టీవీలో వెతుకుతారు. మన దేశంలో టీవీ ప్రసారాలు సెకనుకు 50 బొమ్మల లెక్కన నడుస్తాయి. సెట్‌టాప్ బాక్సు బయటికి 60 పంపేలా పెట్టి ఉంటే, ప్రతి అయిదు బొమ్మలకూ ఒకటి రెండోసారి చూపించి లెక్క సరిపెడుతుంది. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి వెంట కెమెరా తిరిగేటప్పుడు ఆ తడబాటు తెలుస్తుంది. పరీక్షకు న్యూస్ ఛానల్ స్క్రోలింగును మించినది లేదు. అక్షరాలు జారినట్టు పోతే సరే, మధ్యమధ్య ఎవరో తోసినట్టు గెంతుతుంటే బాక్సు సెట్టింగులకు వెళ్లి 1080ఐ 50 గానీ 1080పీ 50 గానీ పెట్టండి. చాలామటుకు అంతటితో వదిలిపోతుంది. అక్కడే స్క్రీన్ 16:9 ఉందో లేదో, టీవీ వైపు బొమ్మ అంచులు కోసేయకుండా జస్ట్ స్కాన్ ఆన్ అయి ఉందో లేదో చూసుకోండి. ఎస్‌డీ ఛానళ్లు 65 అంగుళాల మీద అలికినట్టే ఉంటాయి. 576 గీతల బొమ్మను 2160 గీతలకు సాగదీస్తే ఏ ప్రాసెసరూ అద్భుతాలు చేయలేదు, హెచ్‌డీ ప్యాక్ తీసుకోవడమే దారి.

సినిమా అయితే సెకనుకు 24 ఫ్రేములు. టీవీ సొంత యాప్‌లో చూస్తే 120 హెర్ట్జ్ ప్యానెల్ ఒక్కో ఫ్రేమును సరిగ్గా అయిదుసార్లు చూపిస్తుంది, ఇబ్బంది లేదు. బయటి స్టిక్ లేదా బాక్సు 60కే బిగించి ఉంటే ఒక ఫ్రేము మూడుసార్లు, ఇంకోటి రెండుసార్లు పడి నడక కుంటుతుంది. యాపిల్ టీవీలో ఫ్రేమ్ రేట్‌నూ డైనమిక్ రేంజ్‌నూ మ్యాచ్ చేసే సెట్టింగులు రెండూ ఆన్ చేయండి, ఫైర్ టీవీలోనూ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్‌కు మ్యాచ్ చేసేది ఉంది.

ఇవన్నీ సరిగా ఉన్నా ఓఎల్‌ఈడీలో కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్లు కొంచెం గెంతినట్టు ఉంటాయి. ఒక్కో ఫ్రేము 41 మిల్లీసెకన్లకు పైగా తెర మీద నిలిచి, మరుక్షణం తదుపరి ఫ్రేముకు మారిపోతుంది. ఎల్‌సీడీలో పిక్సెల్ నెమ్మదిగా మారుతూ ఆ గెంతును అలికేసేది, ఇక్కడ ఆ మసక లేదు. ఎల్‌జీ ట్రూమోషన్‌లో సినిమాటిక్ మూవ్‌మెంట్ గానీ, గెంతును తగ్గించే డీ-జడ్డర్ రెండు మూడు అంకెల దాకా గానీ పెట్టుకోండి. శాంసంగ్‌లో జడ్డర్ రిడక్షన్ రెండు మూడు. సోనీలో మోషన్‌ఫ్లో స్మూత్‌నెస్ ఒకటి. అంతకు మించి పెంచితే కోట్లు పోసి తీసిన యుద్ధ సన్నివేశం మధ్యాహ్నం సీరియల్లా కనిపిస్తుంది. నా ఓటు అతి తక్కువ అంకెకే. పూర్తిగా ఆపేసి గెంతును భరించడంలో గొప్పేమీ లేదు.

తీగలు, శబ్దం

హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఒకటి కావు. ఎల్‌జీ సీ సిరీస్‌లో నాలుగూ 120 హెర్ట్జ్ 4కే తీసుకుంటాయి. సోనీల్లో ఎక్కువ భాగం రెండే, అందులో ఒకటి టీవీ శబ్దాన్ని సౌండ్‌బారుకు పంపే ఈఆర్క్ పోర్టు కూడా. రెండు గేమ్ కన్సోళ్లు ఉన్న ఇంటికి అక్కడే చిక్కు వస్తుంది. బయటి పరికరం తగిలించాక ఆ పోర్టుకు పూర్తి సిగ్నల్ తెరవాలి: ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో సిగ్నల్ ఫార్మాట్ ఎన్‌హాన్స్‌డ్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్. ఇది తెరవకపోతే కన్సోల్ 4కే హెచ్‌డీఆర్ దొరకడం లేదంటుంది.

కేబుల్ మీద అల్ట్రా హై స్పీడ్ అన్న ధ్రువీకరణ లేబుల్, స్కాన్ చేసే కోడ్ చూసి కొనండి. 2.1 కేబుల్ అని పెట్టె మీద అచ్చువేసుకున్నంత మాత్రాన చాలదు. రాగి తీగ మూడు మీటర్ల దాకా నమ్మకం. అంతకు మించితే సిగ్నల్‌ను కాంతిగా పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వాడాలి. దానికి దిశ ఉంటుంది, డిస్‌ప్లే అని రాసిన కొన టీవీ వైపే పెట్టాలి. తిరగేసి గోడలో పూడ్చేస్తే బొమ్మ రాదు. గోడలో ఒక అంగుళం వైరు పైపు (కాండ్యూట్) వేస్తే హెచ్‌డీఎంఐ తల వంపు దగ్గర ఇరుక్కుంటుంది. రెండంగుళాల పీవీసీ పైపు, వెడల్పు వంపులు, లోపల ఒక నైలాన్ తాడు వదిలిపెట్టమని మేస్త్రీకి ముందే చెప్పండి. కేబుల్ చాలకపోతే తెర మీద తెల్లటి చుక్కలు మిణుకుమంటాయి, లేదా ఒకటి రెండు సెకన్లు నల్లబడి తిరిగి వస్తుంది.

రెండున్నర లక్షల టీవీ అయినా, అంగుళం మందం లేని పెట్టెలోంచి డప్పు మోత రాదు. సౌండ్‌బారును గానీ ఏవీ రిసీవర్‌ను గానీ ఈఆర్క్ అని రాసిన పోర్టుకే తగిలించి, టీవీ సౌండ్ మెనూలో ఈఆర్క్ ఆన్, డిజిటల్ అవుట్‌పుట్ పాస్‌త్రూ (శబ్దాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు పంపేది) పెట్టండి. ఓటీటీల అట్మాస్ (పై నుంచి కూడా వినిపించే చుట్టుముట్టే శబ్దం) డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది కాబట్టి, ఈఆర్క్‌కు ముందటి పాత ఆర్క్ గుండా కూడా అది చాలావరకు దాటి వెళ్తుంది. 4కే బ్లూరే డిస్కులోని కుదించని నాణ్యత శబ్దం ట్రూహెచ్‌డీకి మాత్రం ఈఆర్క్ తప్పనిసరి. శబ్దం రాకపోతే ముందు చూడాల్సింది సీఈసీ (హెచ్‌డీఎంఐ మీదుగా పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సదుపాయం) ఆఫ్ అయిందేమో. ఎల్‌జీలో దాని పేరు సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్. రిసీవర్ పాతదైతే ప్లేస్టేషన్‌ను దానిలోంచి తిప్పకండి, నేరుగా టీవీకి ఇచ్చి శబ్దాన్ని ఈఆర్క్ మీదుగా రిసీవర్‌కు పంపండి.

నెట్ విషయంలో ఒక వింత ఉంది. చాలా ఖరీదైన టీవీల్లోనూ లాన్ పోర్టు 100 మెగాబిట్లదే. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 మెగాబిట్లు చాలంటుంది కాబట్టి ఓటీటీకి అది బోలెడు. ఇంట్లోని సర్వర్ నుంచి 4కే డిస్కు ఫైళ్లు ఆడించేవాళ్లకే అది చాలదు, అవి కొన్ని క్షణాల్లో వంద దాటతాయి. వాళ్లు 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడుకోవాలి. మామూలు ఇంట్లో తరచూ తప్పేది వేగం కాదు, ప్లాన్. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే ప్రీమియం ప్లాన్‌లోనే ఉంటుంది.

ప్యానెల్ పరీక్ష

మొదటి రోజు చూడాల్సింది డెడ్ పిక్సెళ్లనే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు పూర్తి తెరలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక్కొక్కటి దగ్గరగా చూడండి. యూట్యూబ్ వీడియోలు కుదించినవి, వాటిని ఆధారం చేసుకోకండి. అంచున ఒక నల్ల పిక్సెల్ ఉంటే సినిమాలో కనిపించదు. నలుపు తెర మీద ఎర్రగానో ఆకుపచ్చగానో వెలుగుతూ ఉండిపోయే చుక్క మధ్యలో ఉంటే మాత్రం మార్పిడి అడగండి, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే.

బ్యాండింగ్, అంటే తెర మీద చారల పరీక్ష తొందరపడి చేస్తే గుండె జారుతుంది. చీకటి గదిలో 5 శాతం బూడిద తెర పెడితే దాదాపు ప్రతి కొత్త ఓఎల్‌ఈడీలోనూ నిలువు చారలు కనిపిస్తాయి. వంద గంటలు రకరకాల బొమ్మలు చూసి, ప్రతి రాత్రీ స్టాండ్‌బైలో తన పని తాను చేసుకోనిస్తే చాలావరకు పలచబడతాయి. ఈలోగా మెనూలోని పిక్సెల్ క్లీనింగ్ పదేపదే నొక్కకండి, ఆ పెద్ద సవరణ ఎప్పుడు అవసరమో టీవీయే చెబుతుంది. వంద గంటల తర్వాత మళ్లీ చూసి, బూడిద తెర మీదే తప్ప సినిమాలో కనిపించని చారను వదిలేయండి. పొగమంచు సీనులోనో, క్రికెట్ పచ్చిక మీదో చార స్పష్టంగా కనిపిస్తే అది లోపం కిందికే వస్తుంది.

ఆ తర్వాత తెలుపు తెర. డబ్ల్యూఓఎల్‌ఈడీ (తెల్లటి వెలుగు మీద రంగుల ఫిల్టర్లు వేసే రకం) ప్యానెళ్లలో పక్క నుంచి చూస్తే కొంచెం గులాబీ లేదా ఆకుపచ్చ ఛాయ రావచ్చు, ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక పక్క మాత్రమే ఆకుపచ్చగా ఉంటే ఒప్పుకోకండి. 2022 నుంచి వస్తున్న ఇంకో రకం, క్యూడీ-ఓఎల్‌ఈడీల్లో రంగులు పక్క నుంచి కూడా చెదరవు గానీ, గదిలో లైటు వేస్తే ఆపేసిన తెర కూడా కొంచెం ఊదా రంగుగా తేలుతుంది. అది లోపం కాదు, ఆ ప్యానెల్ తీరు. తెల్లటి వెబ్ పేజీ పెడితే తెర మసకబారడం, కదలని బొమ్మ మీద రెండు మూడు నిమిషాలకు వెలుతురు దిగడం కూడా సర్వీసు వాళ్లను పిలవాల్సినవి కావు, ప్యానెల్‌ను కాపాడే ఏర్పాట్లు.

చీకటి సన్నివేశంలో గళ్లు గళ్లుగా విరిగిన నీడలు కనిపిస్తే, అదే సినిమాను ఇంకో ఓటీటీలోనో డిస్కులోనో చూడండి. అక్కడ పోతే తప్పు స్ట్రీమింగుది. టీవీకి నిజమైన పరీక్ష దీపం ఒక్కటే వెలిగే రాత్రి సీను: జ్వాల లోపలి పసుపు అంచులు విడిగా కనిపించాలి, వెనక గోడలో మనిషి జుట్టు కలిసిపోకుండా తేలాలి, దీపం చుట్టూ పొగ ఉండకూడదు. జుట్టు మొత్తం నల్లటి ముద్దగా ఉంటే బ్లాక్ లెవెల్ సెట్టింగు చూడండి. నలుపు తెలుపుల హద్దులు లిమిటెడ్, ఫుల్ అని రెండు రకాలు; బయటి బాక్సు లిమిటెడ్ రేంజ్‌లో పంపుతూ టీవీ ఫుల్ అనుకుంటే నలుపు బూడిదగా తేలుతుంది, తిరగబడితే నీడలు మునిగిపోతాయి. రెండు వైపులా ఆటోలో పెడితే చాలావరకు కుదురుతుంది. కుదరకపోతే రెండింటినీ లిమిటెడ్‌కు తెచ్చి చూడండి.

ప్లేస్టేషన్ పోర్టుకు గేమ్ ఆప్టిమైజర్ లేదా గేమ్ మోడ్ ఆటోలో ఉంచి, కన్సోల్ లోపలి హెచ్‌డీఆర్ సర్దుబాటు చేసేటప్పుడు టీవీలో టోన్ మ్యాపింగ్‌ను (వెలుతురును తెర హద్దులోకి కుదించే సెట్టింగు) హెచ్‌జీఐజీకి, అంటే కన్సోల్ సర్దినదాన్ని టీవీ మళ్లీ దిద్దని పద్ధతికి, మార్చండి. లేకపోతే టీవీ ఒక పక్క, కన్సోల్ ఒక పక్క వెలుతురును కుదిస్తూ రెండుసార్లు దిద్దుతాయి. 120 ఫ్రేముల దగ్గర పీఎస్5 రంగుల వివరాన్ని కొంత తగ్గించి (4:2:2) పంపుతుంది. అది దాని పోర్టు హద్దు, సోఫా దూరం నుంచి తేడా తెలియదు.

తెర మీది దుమ్మును టీవీ ఆపి, చల్లబడ్డాక పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి. అద్దాలకు కొట్టే స్ప్రే పైపూతను తినేస్తుంది, కింది అంచులోంచి జారిన చుక్క ప్యానెల్ తీగలను చెడగొడుతుంది. వంద గంటల నాటి బూడిద తెరను, తెల్ల తెరను చీకట్లో ఫోటో తీసి, బిల్లుతో, సీరియల్ నంబరు ఫోటోతో కలిపి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. వారంటీ గడువు ముగియడానికి నెల ముందు అవే తెరలు మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూసుకుంటే, కొత్త చార ఉందో లేదో సర్వీసు సెంటర్‌తో వాదించే పని ఉండదు.